మంచం విప్పకుండా నల్లి పోదు

మార్చి నెలాఖరులో ఇంటర్ పరీక్షలు అయిపోయి మా అబ్బాయి హాస్టల్ నుంచి ఇంటికొచ్చాడు. ట్రంకుపెట్టె, పుస్తకాల అట్టపెట్టె, తాడుతో కట్టిన పరుపు చుట్ట, రెండు బొంతలు. ఆటో దిగగానే అన్నీ తెచ్చి మా పడగ్గదిలో మంచం మీదే పడేశాం. మూడు వారాలు తిరిగేసరికి మా అత్తయ్యగారి వీపు మీద, మోచేతుల పైన ఎర్రటి దద్దుర్లు. ఒకచోట వరసగా మూడు, ఇంకోచోట నాలుగు.

దోమలనుకున్నాం. దోమల మందు మార్చాం, కిటికీలకు జాలీ వేయించాం. మావారి ఒంటి మీద ఒక్క మచ్చ కూడా లేదు కాబట్టి, "అమ్మకు ఏదో పడలేదు, ఎలర్జీ" అని ఆయన తేల్చేశారు. నల్లి కుట్టినా కొందరికి దద్దురు లేవదు. ఇంట్లో ఒక్కరికే వస్తోంది కదా అని నల్లులు లేవనుకోకండి. చివరికి కనిపెట్టింది అత్తయ్యగారే. ఒకరోజు పొద్దున్నే దుప్పటి మడతపెడుతూ, "అమ్మాయ్, ఇట్రా ఒకసారి. ఇది దోమ పని కాదే, నల్లి" అన్నారు. దుప్పటి అంచున పెన్ను ములికి ఆనించినట్టు సన్నటి నల్ల చుక్కలు. తడి దూదితో రుద్దితే తుప్పు రంగులో అలికినట్టయింది. అది నల్లి రెట్ట, అంటే అరిగిన మన రక్తమే. మీకూ అనుమానం ఉంటే ముందు ఈ పరీక్ష చేయండి. కుట్టిన మచ్చను చూసి ఏది కుట్టిందో చెప్పడం కష్టం. పరుపు కుట్ల వెంబడి, మంచం తలవైపు ఈ చుక్కలు కనిపిస్తే మాత్రం ఇక సందేహం అక్కర్లేదు.

నేను నరసరావుపేట దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. అయినా తెలిసిన మర్నాడే పెద్ద తప్పు చేశాం. భయమేసి ఆ గది తలుపు వేసి, నలుగురం హాల్లో పడుకున్నాం. నల్లి మన ఊపిరిని, ఒంటి వెచ్చదనాన్ని పట్టుకుని వస్తుంది. నాలుగు రాత్రులు కాకుండానే హాల్లో దివాన్ కాట్‌కు కూడా పట్టాయి. ఒక గది పని రెండు గదుల పనయింది. కాబట్టి ఎంత చిరాకైనా ఆ గదిలోనే, ఆ మంచం మీదే పడుకోవాలి. మంచాన్ని ఎలా కాపాడుకోవాలో చెబుతాను. గదికి తాళం వేసి వేసవి సెలవులకు పుట్టింటికి వెళ్తే ఆకలితో చస్తాయనుకోవడం కూడా పొరపాటే. పెద్ద నల్లి రక్తం లేకుండా నెలల తరబడి బతకగలదు.

అసలు పని మంచం విప్పడంతో మొదలవుతుంది. మాది టేకు మంచం, అత్తవారి తరఫున వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం పరుపు తీసి, మంచం చుట్టూ తెల్ల పాత దుప్పట్లు పరిచాం. కిందపడినవి తెల్లగుడ్డ మీద కనపడతాయి. మావారు స్క్రూలు తీసి తలవైపు కోడు నుంచి పట్టెను మెల్లగా లాగారు. ఆ గాడిలోకి టార్చి వేసి చూశాను. మెంతిగింజంత ఉన్న పెద్దవి, ముదురు ఎరుపులో, ఒకదాని మీద ఒకటి ఎక్కి కదులుతున్నాయి. వాటి పక్కన నువ్వుగింజంత పిల్లలు. అప్పుడే తాగి వచ్చిన పిల్ల పొట్టలో రక్తం గాజుబుడ్డిలో పోసినట్టు బయటికి కనిపిస్తోంది. చెక్క చీలికల వెంట గసగసాల్లా తెల్లటి గుడ్లు. గోటితో గీరితే తప్ప రాలేదు, జిగురుతో అతికించినట్టు ఉన్నాయి. వాటి మధ్య విడిచిన పొట్టు, ఎండిన ఉల్లిపొరలాగా. గాడి నుంచి ఒక రకమైన ముక్కిపోయిన వాసన. ఆ ఒక్క గాడిలోనే దబ్బనంతో తీసి సబ్బునీళ్లలో వేసినవి లెక్కపెడితే నలభై ఆరు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ మంచం మీదే కదా పెద్దావిడ అన్ని రాత్రులు పడుకున్నది!

మీరూ ఇలాగే ప్రతి కీలూ విప్పండి. పట్టె కోడులో దిగే చోటు, స్క్రూ బెజ్జాలు, తలవైపు పలక వెనక, పరుపు కింది చెక్కల అడుగు భాగం. నల్లి ఒళ్లు అట్టముక్కలా పల్చగా ఉంటుంది, ఏటీఎం కార్డు దూరే సందైతే చాలు, దానికి ఇల్లే. మంచం అయ్యాక దాని చుట్టూ నాలుగైదు అడుగుల మేర చూడాలి. గోడకు తగిలించిన క్యాలెండరు వెనక, స్విచ్ బోర్డు అంచులు, కర్టెన్ మడతలు, తలుపు చట్రానికి గోడకు మధ్య పగులు. మా ఇంట్లో పెళ్లి ఫోటో చట్రం వెనక పదకొండు దొరికాయి.

దొరికినవాటిని చంపడానికి వేడిని మించింది లేదు. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో వేసవిలో నులక మంచాలన్నీ వీధిలో నిలబెట్టి, కీళ్లలో మరిగే నీళ్లు పోసేవాళ్లు. ఆ పద్ధతిలో సైన్స్ ఉంది. 50 డిగ్రీలు దాటిన వేడి తగిలితే నల్లీ, గుడ్డూ రెండూ నిమిషాల్లో చస్తాయి. మందుకు లొంగని గుడ్డు కూడా వేడికి లొంగుతుంది, అందుకే నాకు వేడి మీద అంత నమ్మకం. గట్టి టేకు పట్టెలను డాబా మీదికి చేర్చి కేటిల్ మూతితో సన్నగా మరుగునీళ్లు పోశాం. తర్వాత రెండురోజులు ఎండబెట్టాం. ప్లైవుడ్, పొట్టుచెక్క మంచాలకు నీళ్లు పోయకండి, ఉబ్బిపోతాయి. వాటికి బట్టలకు ఆవిరి పట్టే స్టీమర్ మంచిది. మూతికి పల్చటి నూలుగుడ్డ కట్టండి, లేకపోతే ఆవిరి జోరుకు నల్లులు ఎగిరి దూరంగా పడతాయి. తొందరపడకూడదు, జానెడు దూరం జరగడానికి పదిహేను సెకన్లయినా తీసుకోండి. స్విచ్ బోర్డుల దగ్గరికి మాత్రం ఆవిరి వద్దు. అక్కడ మెయిన్ ఆపి, పలక విప్పి, పొడి బ్రష్షుతో దులపండి.

దుప్పట్లు, గలేబులు, దోమతెర, కర్టెన్లు అన్నీ గదిలోనే పెద్ద పాలిథిన్ సంచుల్లో వేసి మూతి కట్టాకే బయటికి తేవాలి. చేతుల్లో పట్టుకుని హాల్లోంచి నడిస్తే దారిపొడవునా రాల్చినట్టే. నూలువన్నీ గుండిగలో మరిగించాం. మరిగించలేని వాటిని ఇస్త్రీ పెట్టెతో మడత మడతకీ, కుట్టు కుట్టుకీ ఒత్తాం. మిగతా బొంతలు, దిండ్లు, బడి సంచులకు మా పల్నాడు ఎండే దిక్కయింది. అయితే ఉత్తినే ఎండలో పడేస్తే చాలదు. పైన కాలుతుంటే నల్లి కిందివైపు నీడకు జరుగుతుంది. నల్ల పాలిథిన్ సంచిలో వదులుగా సర్ది, గాలి చొరబడకుండా మూతి బిగించి, మిట్టమధ్యాహ్నం డాబా గచ్చు మీద పెట్టి, మధ్యలో ఒకసారి తిరగేయాలి. బొంత నడిమధ్యన మా బడి ల్యాబ్ థర్మామీటరు దూర్చి చూశాను. మొదటిరోజు రెండింటికి 44 మాత్రమే ఉంది. సంచిలో బరువు సగం తగ్గించి మర్నాడు పెడితే 57కి వెళ్లింది. లోపలి వేడి 50 దాటి ఒక గంటయినా నిలబడాలి. జ్వరం చూసుకునే థర్మామీటరు దీనికి పనికిరాదు. వానాకాలమైతే ఎండను నమ్ముకోవద్దు, మరిగించడం, ఆవిరి, ఇస్త్రీ, ఇవే.

పరుపును పారేయాలా అంటే, చాలామంది తొందరపడి పారేస్తారు. మంచం కీళ్లలో నల్లులుండగా కొత్త పరుపు కొంటే నెలలో దానికీ పడతాయి. మా పరుపు కుట్లన్నీ ఆవిరి పట్టి, చుట్టూ జిప్పు ఉండే నిండు కవరు తొడిగించి, జిప్పు చివర టేపు వేశాం. లోపల మిగిలినవి బయటికి రాలేవు. ఏడాదిదాకా ఆ కవరు తీయను. హాస్టల్ పరుపు మాత్రం బాగుచేసే స్థితిలో లేదు. దాన్ని కోసి, పాలిథిన్‌లో చుట్టి, "నల్లులు ఉన్నాయి, వాడొద్దు" అని పెద్ద అక్షరాలతో రాసి చెత్తబండికి ఇచ్చాను. బాగున్న పరుపులా రోడ్డు పక్కన పెడితే ఏ పేదింటివాళ్లో తీసుకెళ్తారు. మన బాధ వాళ్లకు అంటగట్టడం పాపం.

ఇక మంచాన్ని కాపాడుకోవడం. నల్లి ఎగరదు, దూకదు, పాకే వస్తుంది. మంచాన్ని గోడకు జానెడు దూరం జరిపి, దుప్పటి నేలకు తగలకుండా దోపి, ప్రతి కోడు కిందా ఒక స్టీలు గిన్నె పెట్టాం. ఆ గిన్నెను వెడల్పాటి పళ్లెంలో ఉంచి, పళ్లెంలో సర్ఫు నీళ్లు పోశాం. కోడుకు తడి తగలదు, నల్లికి దాటే దారి ఉండదు. ప్లాస్టిక్ గిన్నెలు నున్నగా ఉంటాయి, ఎక్కలేదులే అనుకోకండి. మనలాంటి వేడి దేశాల నల్లి నున్నటి అంచులు కూడా ఎక్కగలదు, అందుకే నీళ్లు. పొద్దున్నే పళ్లెంలో ఎన్ని తేలాయో చూసి క్యాలెండరు మీద రాసేదాన్ని. మొదటి వారం పద్నాలుగు. రెండో వారం మూడు. అయిపోయిందని మావారు గిన్నెలు తీసేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. మూడో వారంలో తొమ్మిది వచ్చాయి, అన్నీ పిల్లలే.

అక్కడే చాలా ఇళ్లు ఓడిపోతాయి. గుడ్డు పిల్ల కావడానికి మన ఎండలకు వారం, పదిరోజులు పడుతుంది. ఆ పిల్ల ఐదుసార్లు పొట్టు విడిచి పెద్దదవుతుంది, విడిచే ప్రతిసారీ ముందు రక్తం తాగాల్సిందే. పెద్దదయ్యాక ఆడది రోజూ ఒకటో రెండో, ఒక్కోసారి నాలుగైదో గుడ్లు పెడుతూ పోతుంది. మొదటి వేట తర్వాత పదో రోజున, ఇరవయ్యో రోజున మళ్లీ మంచం విప్పి ఆవిరి పడితే, పుట్టిన పిల్లలు గుడ్లు పెట్టే వయసుకు రాకముందే పోతాయి. ఆఖరి నల్లి కనపడ్డాక రెండు నెలలు పళ్లెం ఖాళీగా ఉంటేనే పోయాయని నమ్మండి.

మందు కొట్టించలేదా అని అందరూ అడుగుతారు. మొదట్లోనే కొట్టించాం. వచ్చినతను మంచం విప్పకుండా పైపైన కొట్టి, గ్యారంటీ అని డబ్బు తీసుకుని వెళ్లాడు, మళ్లీ ఫోన్ ఎత్తలేదు. మామూలు స్ప్రేలకు నల్లులు చాలాచోట్ల మొండికేశాయి, పైగా వాసనకు చెదిరి గోడ పగుళ్లలోకి పోతాయి. లైసెన్సు ఉన్నవాళ్లను పిలిస్తే తప్పులేదు. కానీ మంచం విప్పి కొడతారా, రెండు వారాల తర్వాత రెండోసారి వస్తారా, ఏ మందు వాడతారు, ఈ మూడూ ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి.

ఒక విషయంలో మాత్రం మీ చేతులు పట్టుకుని చెప్పాలనుంది. మా వైపు రైసు మిల్లులు, గోడౌన్లు ఎక్కువ. ధాన్యానికి పురుగు పట్టకుండా పెట్టే బిళ్లలు రెండు గదిలో పెట్టి తలుపేస్తే సరిపోతుందని నాకు ఇద్దరు చెప్పారు, మంచి మనసుతోనే చెప్పారు. అవి అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు. గాలిలోని తేమ తగిలితే ఫాస్ఫీన్ గ్యాస్ వస్తుంది. అది తలుపు సందుల్లోంచి, గోడ పగుళ్లలోంచి పక్క గదికీ, పక్క పోర్షన్‌కూ పాకుతుంది. దానికి విరుగుడు మందు లేదు. నిద్రలో ఉన్న పిల్లలు లేవరు. ఇంట్లోకి ఆ బిళ్లలు తేకండి, ఎవరైనా తెస్తే తేనివ్వకండి. పొలం మందులు పరుపుల మీద చల్లడమూ అంతే. ఒకప్పుడు ఇళ్లలో విరివిగా కొట్టిన డైక్లోర్వాస్‌ను 2020 డిసెంబర్ 31 నుంచి మన దేశంలో పూర్తిగా నిషేధించారు, పాత సీసా ఇంట్లో ఉన్నా వాడకండి. కిరోసిన్ పోస్తే మంచం అంటుకుంటుంది.

పక్కింటివాళ్లకు చెప్పడానికి నాకు వారం పట్టింది. టీచరమ్మ ఇంట్లో నల్లులా అంటారని టెన్షన్. చెబితే పక్క పోర్షన్ ఆవిడ, "మాకూ నెల నుంచి కుడుతున్నాయి వదినా, మొహమాటపడి నోరెత్తలేదు" అంది. మధ్య గోడలో కరెంటు గొట్టం అటూ ఇటూ తెరుచుకునే ఉంది. దాన్ని లప్పంతో మూసి, రెండు ఇళ్లూ ఒకే ఆదివారం మంచాలు విప్పాం. నల్లి మురికిని చూసి రాదు, మనిషి ఉంటే చాలు వస్తుంది. అది కుట్టడం వల్ల జబ్బు అంటుకుంటుందన్న రుజువు లేదు, కానీ నిద్రను తినేస్తుంది. అత్తయ్యగారు రాత్రి లైటు వేసుకుని మంచం మీద కూర్చుని ఉండడం నేను చూశాను. అందుకే దాచకుండా మీ పక్కవాళ్లకు చెప్పండి.

మా పళ్లెంలో చివరి నల్లి జూన్ 9న కనపడింది. ఆగస్టు రెండో వారానికి గిన్నెలు తీసేశాం. దసరాకి అబ్బాయి వచ్చినప్పుడు సామాను గుమ్మం దాటనివ్వలేదు. మెట్ల దగ్గరే సంచి విప్పి, బట్టలు నేరుగా వేణ్ణీళ్లలోకి, బొంత నల్ల సంచిలో డాబా మీదికి, ట్రంకుపెట్టె మూలల్లో టార్చి. పెట్టె కడ్డీ కింద ఒక్కటి దొరికింది.