వెలెబిట్ కొండల్లో రాతి కట్టడాలు ఎలా చూడాలి

క్రొయేషియా వెళ్లే మనవాళ్లలో చాలామంది డుబ్రోవ్నిక్, స్ప్లిట్ చూసుకుని వచ్చేస్తారు. అక్కడికి ఉత్తరాన సముద్రం పక్కనే 145 కిలోమీటర్ల పొడవున గోడలా నిలబడ్డ వెలెబిట్ కొండల్ని బస్సు కిటికీలోంచి చూసి ఊరుకుంటారు. నాకు అది నిజంగా బాధగా ఉంటుంది. మూడు రోజులు కేటాయించండి చాలు. 2023 జనవరి 1 నుంచి క్రొయేషియా షెంగెన్ ఉమ్మడి వీసా ప్రాంతంలో ఉంది కాబట్టి జర్మనీలోనో ఇటలీలోనో రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్లకి విడిగా వీసా టెన్షన్ కూడా లేదు.

వెళ్లేముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఇక్కడ ఏ కట్టడం ముందు నిలబడినా రెండు ప్రశ్నలు వేసుకోవాలి: గాలి ఎటునుంచి వస్తుంది, నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి? గాలి పేరు బుర. ఈశాన్యం నుంచి కొండ దాటి సముద్రం మీదకి ఒక్కసారిగా దూకుతుంది, గంటకి 200 కిలోమీటర్లు దాటిన విసురులు కూడా నమోదయ్యాయి. ఎదురుగా ఉన్న పాగ్ దీవిని చూడండి, కొండవైపు అంచు మొత్తం బోడిగా ఉంటుంది, బుర మోసుకొచ్చే ఉప్పునీటి తుంపరకి అక్కడ పచ్చన మొలవదు. ఇక నీళ్లంటారా, ఇది సున్నపురాయి కొండ, వాన పడ్డది పడ్డట్టే లోపలికి ఇంకిపోతుంది. బుర చలికాలంలో ఎక్కువ. ఆ రోజుల్లో తీరం రోడ్డు కొన్నిచోట్ల మూసేస్తారు కూడా, అందుకే మే, జూన్, సెప్టెంబర్ మంచివి. కారులో వెళ్తే హెచ్ఏకే (క్రొయేషియా ఆటోక్లబ్) వాళ్ల రోడ్డు సమాచారం పొద్దున్నే చూసుకుని బయల్దేరండి.

మొదటి రోజు సెన్య్ ఊళ్లో నెహాయ్ కోట. 1558లో సైన్యాధిపతి ఇవాన్ లెంకొవిచ్ కట్టించాడు. ఒట్టొమన్ సేనల్ని తప్పించుకుని వచ్చిన ఉస్కోక్ వీరులకి ఇది ఆయువుపట్టు. శత్రువు వచ్చి దాక్కోకుండా ఊరి గోడ బయట ఉన్న చర్చిలు, ఇళ్లు కూలగొట్టి, ఆ రాళ్లతోనే దీన్ని లేపారు. 18 మీటర్ల ఎత్తు, చదరపు కట్టడం, నాలుగు మూలలు నాలుగు దిక్కులకి తిరిగి ఉంటాయి. లోపలికి వెళ్లగానే మ్యూజియం వైపు పరుగెత్తకుండా బావి దగ్గర కాసేపు ఆగండి. ముట్టడి పడితే కోటకి ప్రాణం అదే.

రెండో రోజు కొండవాలు పల్లెలకి. ఇంటి వెనకవైపుకి వెళ్లి చూడండి, బుర తగిలే గోడకి కిటికీ ఉండదు, ఉన్నా చాలా చిన్నది. కప్పు ఎగిరిపోకుండా పైన బరువుగా రాళ్లు పేర్చి ఉంటారు. వాన చుక్క వృథా పోకుండా కప్పు మీది నీరు తొట్టిలోకి దిగేలా ఏర్పాటు ఉంటుంది. చుట్టూ గోడలన్నీ సున్నం, మట్టి లేకుండా రాయి మీద రాయి పేర్చినవే. ఒంటివరస గోడకి కన్ను ఆనించండి, రాళ్ల సందుల్లోంచి అవతలి పొలం కనిపిస్తుంది, గాలి ఆ సందుల్లోంచి జల్లెడ పట్టినట్టు పోతుంది కాబట్టే గోడ నిలబడింది. ఈ పనితనాన్ని 2018లో యునెస్కో గుర్తించింది. కన్ను ఆనించండి గానీ చెయ్యి మాత్రం పెట్టొద్దు. ముక్కు మీద చిన్న కొమ్ము ఉండే పోస్కోక్ అనే విషప్పాము ఆ సందుల్లో ఉంటుంది.

మూడో రోజు కొండ కింద తీరంలో ఉన్న స్టారిగ్రాడ్ ఊరి చుట్టుపక్కల మిరిలాలు, అంటే శవాన్ని దించిన చోట గుర్తుగా పెట్టిన రాళ్లు. నన్నడిగితే మొత్తం ప్రయాణంలో ఇదే ముఖ్యం. కొండమీద మనిషి చనిపోతే కింద చర్చి శ్మశానం దాకా మోసుకెళ్లాలి. దారిలో ఒక్కచోట మాత్రమే శవాన్ని నేలకి దించేవాళ్లు. అక్కడ తలవైపు ఒక రాయి, కాళ్లవైపు ఒక రాయి నిలబెట్టి మనిషి పొడవు కొలిచి, తర్వాత మధ్యలో బండలు పరిచేవాళ్లు. మనకి దింపుడు కళ్లం తెలుసు కదా, పాడె దించి చెవిలో పేరు పెట్టి పిలిచే చోటు, దానికి ఇంత దగ్గరి ఆచారం ఆ దూరదేశంలో ఉందంటే ఒళ్లు జలదరిస్తుంది. శరీరం కింద సమాధిలో ఉన్నా ఆత్మ మిరిలా దగ్గరే ఆగిపోతుందని వాళ్ల నమ్మకం, అందుకే పువ్వులు ఎక్కువగా ఇక్కడికే తెచ్చేవాళ్లట. 17వ శతాబ్దం నుంచి 20వ శతాబ్దం దాకా ఇది నడిచింది. తలరాళ్ల మీద సూర్యుడు, సిలువ, వృత్తాలు చెక్కి ఉంటాయి, మిట్టమధ్యాహ్నం వెళ్తే ఏమీ కనిపించదు, పొద్దు వాలే వేళ ఏటవాలు వెలుతురులో గీతలు తేలతాయి. బండల మీద అడుగు వేయకండి. ఏ రాయినీ కదపొద్దు, అది ఒక మనిషి కొలత.

టైం మిగిలితే పాక్లెనిత్సా నేషనల్ పార్కులో పాత పిండిమరలు చూడండి, ఏరు పారే చోటు కాబట్టే మరలు అక్కడ వెలిశాయి. నడక ఇష్టమైతే ఉత్తరాన 1930, 1933 మధ్య కట్టిన 57 కిలోమీటర్ల ప్రెముజిచ్ బాట ఉంది, అదీ సున్నం లేకుండా పేర్చిన రాయే, వాలు ఎంత మెత్తగా ఉంటుందంటే పెద్దవాళ్లు కూడా బాట మొదలయ్యే జావిజాన్ నుంచి కొంతదూరం హాయిగా నడిచి రావచ్చు. నీళ్లు మాత్రం మోసుకెళ్లండి, దారిలో దొరకవు.