పిల్లలతో ఎడారి హైకింగ్ – 4వ పాఠం: వెనక్కి తిరిగే టైము

ఈసారి ట్రైల్ మీద మ్యూల్స్ (మనుషుల్నీ సామాన్నీ మోసే కంచరగాడిదలు) ఎదురైతే ఏం చేయాలో చెబుతానన్నాను. దాన్ని చివర్లో నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. పోయిన పాఠం అభ్యాసానికి మీరు పంపిన టైమ్‌టేబుళ్లు చూశాక, ముందు వాటి సంగతి తేల్చక తప్పదనిపించింది.

అభ్యాసం గుర్తుందిగా: జూన్ నెలలో, ఆరేళ్ల పాపతో, అమెరికాలోని గ్రాండ్ కేన్యన్ సౌత్ రిమ్ (లోయ దక్షిణపు పై అంచు) నుంచి లోయలోకి దిగే బ్రైట్ ఏంజెల్ ట్రైల్‌లో ఒక పూట హైక్. దాదాపు అందరూ ఒకేలా రాశారు. ఎనిమిదింటికి బయలుదేరి, తొమ్మిదింబావుకి మైలున్నర రెస్ట్‌హౌస్ (రిమ్ నుంచి మైలున్నర దూరంలో ఆగే చోటు) చేరుకుని, పదిన్నరకల్లా మళ్లీ పైకి. దిగడానికి గంటంబావు, ఎక్కడానికీ గంటంబావేనా?

మామూలు కొండకు అలవాటుపడ్డవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. కొండ మీద కష్టం ముందు, సుఖం తర్వాత. అలసిపోయి వెనక్కి తిరిగినా కిందికేగా దిగేది! కేన్యన్‌లో వరస తిరగబడుతుంది. ఒంట్లో సత్తువ ఉన్నంతసేపూ దిగుతారు, అది అయిపోతున్న వేళకి ఎక్కడం మొదలవుతుంది. మైలున్నర రెస్ట్‌హౌస్‌కీ రిమ్‌కీ ఎత్తులో తేడా 1,120 అడుగులు. పైగా కిందికి వెళ్లేకొద్దీ వేడి పెరుగుతుంది, వెయ్యి అడుగులకు సుమారు 3 డిగ్రీల సెల్సియస్ చొప్పున. ఎక్కడానికి దిగిన దానికి రెట్టింపు టైము పడుతుందని పార్కువాళ్లు చెప్పేది అందుకే.

ఇప్పుడు మీ టైమ్‌టేబులే తీసుకుని లెక్క వేద్దాం. తొమ్మిదింబావుకి రెస్ట్‌హౌస్ దగ్గర క్షణం ఆగకుండా వెనక్కి తిరిగారనుకోండి. రెండున్నర గంటల ఎక్కుడు. రిమ్ చేరేది పావుతక్కువ పన్నెండుకి. వేసవిలో పది నుంచి నాలుగు దాకా ఎండలో నడవొద్దని పార్కు హెచ్చరిస్తుంది. మీ పాప అందులో గంటా నలభై అయిదు నిమిషాలు ఎక్కుతూనే ఉంటుంది. కాసేపు కూర్చుందామంటే ఆ టైము దీనికి అదనం.

కాబట్టి వెనక నుంచి లెక్కపెట్టండి. పదికల్లా రిమ్ మీద ఉండాలి. ఆరుకి బయలుదేరితే చేతిలో నాలుగు గంటలు. విశ్రాంతికి అరగంట తీసేయండి, మిగిలింది మూడున్నర. అందులో మూడోవంతు దిగడానికి, అంటే గంటా పది నిమిషాలు. ఏడూ పదికి ఎక్కడుంటే అక్కణ్నుంచే వెనక్కి. కింద రెస్ట్‌హౌస్ కప్పు కనిపిస్తున్నా సరే, “ఇంకొక్క మలుపే” అని పాప చెయ్యి పట్టుకు లాగుతున్నా సరే. ఆ ఒక్క మలుపు దిగడం పాపకి ఆట. అదే మలుపు ఎక్కేటప్పుడు రెండుసార్లు కూర్చుంటుంది. నేను ఫోన్‌లో అలారం పెట్టి, ఫోన్ పిల్లల చేతికే ఇస్తాను. అలారం మోగగానే అందర్నీ ఆపే అధికారం వాళ్లదే. పెద్దవాళ్లు చెబితే పేచీ పెట్టే పిల్లలు తామే చెప్పాల్సి వచ్చినప్పుడు బుద్ధిగా తిరుగుతారు.

వయసు పైబడ్డవాళ్లు వెంట ఉంటే దిగడానికి మూడోవంతు కాదు, నాలుగోవంతు వేసుకోండి. నన్నడిగితే మొదటిసారి వెళ్లే కుటుంబానికి ఈ ట్రైల్‌లో వచ్చే రెండో సొరంగం దాకా చాలు. రానూపోనూ 1.7 మైళ్లు. లోయ ఎంత లోతో, తిరిగి ఎక్కడమంటే ఏమిటో అక్కడికే తెలిసిపోతుంది.

నీళ్ల గురించి ఒక్క మాట. రెస్ట్‌హౌస్ కుళాయిలో నీళ్లు సీజన్‌లోనే వస్తాయి, అప్పుడు కూడా పైపు పగిలితే ఆగిపోతాయి. ఆ రోజు నోటీసు చూశాకే దిగండి. ఉత్త నీళ్లే పట్టించకండి, ఉప్పగా ఉండే తిండి కూడా పెడుతూ ఉండండి. ఒంట్లో ఉప్పు పలచబడితే వచ్చే వాంతి, తలనొప్పి వడదెబ్బలాగే కనిపిస్తాయి. దాన్ని చూసి ఇంకా నీళ్లు తాగిస్తే ముప్పు పెరుగుతుంది. వాగుడుకాయ లాంటి పిల్ల ఉన్నట్టుండి మాట్లాడ్డం మానేసిందంటే వెంటనే నీడకు చేర్చండి. చొక్కా తడపండి. తేరుకునేదాకా మళ్లీ ఎక్కించొద్దు.

ఇక మ్యూల్స్. దారి వాటిదే. లోయవైపు కాకుండా గోడవైపు జరిగి, కదలకుండా నిలబడండి. మ్యూల్స్‌ను నడిపించే మనిషి ఏం చెబితే అది చేయండి. ఆఖరి మ్యూల్ 50 అడుగులు దాటాకే దారిలోకి రండి. ఉడతలకు తిండి పెట్టొద్దు, అవి కరుస్తాయి.

అభ్యాసం: 1,120 అడుగులంటే సుమారు 110 అంతస్తులు. ఈ వారాంతం పది అంతస్తుల మెట్లు దొరికేచోట, హైక్‌కు తీసుకెళ్లే బ్యాగులతోనే, పిల్లలతో కలిసి దిగి ఎక్కండి. మూడుసార్లు. దిగిన టైము, ఎక్కిన టైము ప్రతిసారీ విడివిడిగా రాసుకోండి. మూడోసారి ఎక్కడానికి పట్టిన టైము దిగినదానికి రెట్టింపు దాటితే, మూడోవంతు సూత్రం మీకు చాలదు. మీ సొంత లెక్కతో జూన్ టైమ్‌టేబుల్ మళ్లీ వేసి పంపండి. వెనక్కి తిరిగే టైము పైన, పెద్ద అక్షరాల్లో ఉండాలి. అది లేని టైమ్‌టేబుల్ నేను దిద్దను.