మెరినో వేసుకున్నా వణుకు తగ్గలేదా? సమస్య - పరిష్కారం

దసరా వెళ్ళిందంటే పాలకొల్లు, అమలాపురం, రావులపాలెం నుంచి నాకు ఒకటే రకం ఫోన్లు. డిసెంబరులో ఉత్తరాఖండ్ హిమాలయాల్లోని కేదార్‌కంఠ ట్రెక్కుకి వెళ్తున్నాం, తక్కువ ధరలో మెరినో ఉన్ని (మెరినో జాతి గొర్రెల సన్నటి ఉన్ని) బేస్ లేయర్, అంటే అన్నిటికంటే లోపల ఒంటికి ఆనేలా వేసుకునే బట్ట, ఏది కొనమంటారు అని. సంక్రాంతి దాటాక మళ్ళీ అవే నంబర్లు: "డబ్బు దండగైందండీ, చలి ఆగలేదు." దాదాపు ప్రతిసారీ వస్తువు మంచిదే, తేడా వేరేచోట ఉంటుంది. అదెక్కడో చెబుతాను. బేస్ లేయర్ మీద ఫ్లీస్ (నూగు స్వెటర్ లాంటిది), దాని మీద జాకెట్ వేసుకోవాలన్న సంగతి మీకు తెలుసనే అనుకుంటున్నాను.

నడిచేటప్పుడు బాగుంది, ఆగగానే వణుకు

ముందు ఒక్క ప్రశ్న. లోపల బనియను ఉందా?

ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్కటీ చూసుకోరు. మనకి చొక్కా కింద బనియను లేకపోతే ఒంటిమీద బట్ట లేనట్టే ఉంటుంది. కానీ నూలు బనియను చెమట పీల్చుకుని ఒంటికి అంటుకుపోతుంది, ఒక పట్టాన ఆరదు. దాని మీద ఎంత ఖరీదైన మెరినో వేసినా, ఒంటిని తాకేది తడిగుడ్డే. తీసేయండి. మెరినో నేరుగా ఒంటికి తగలాలి. సగం ఫిర్యాదులు ఇక్కడే తీరిపోతాయి.

బనియను లేకపోయినా వణుకుతున్నారంటే, నేను దెబ్బతిన్న కారణం దగ్గరికి వద్దాం.

ఒక డిసెంబరులో మావాళ్ళు నలుగురితో కేదార్‌కంఠ వెళ్ళాను. శిఖరం 12,500 అడుగులు, రాత్రిళ్ళు క్యాంపులో సున్నా కిందికి పోతుంది. సాయంత్రం టెంట్లు వేసిన పావుగంటకే మా అన్నయ్య కొడుకు పళ్ళు కొట్టుకోవడం మొదలైంది. "బాబాయ్, ఇది అసలు ఉన్నేనా?" అన్నాడు. నాకూ అదే అనుమానం వచ్చింది. అంచు లోపలివైపు నుంచి చిన్న పోగు లాగి, టెంట్లకి దూరంగా వెళ్ళి లైటర్‌తో వెలిగించాను. వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. మంట తీయగానే ఆరిపోయింది. మిగిలిన నలుసు వేళ్ళ మధ్య నలిపితే పొడైపోయింది. అసలైన ఉన్నే. యాక్రిలిక్ గానీ పాలిస్టర్ గానీ అయితే కరిగి గట్టి పూసలా మిగిలేది. ఈ పరీక్ష చేసేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి: కుట్టుదారం కాల్చకండి. కుట్టు ఎక్కువగా పాలిస్టర్ దారంతోనే ఉంటుంది, పూస కట్టి తీరుతుంది. అది చూసి మంచి ఉన్నిని నకిలీ అని తిరిగి పంపేసినవాళ్ళు నాకు తెలుసు. బట్టలోని పోగే లాగాలి.

వాడి జాకెట్ పైకెత్తి పొట్ట దగ్గర చెయ్యి పెట్టాను. చొక్కా పొడిగా ఉంది. ఒళ్ళు తడిగా ఉంది. అప్పుడు అర్థమైంది. ఆ ఉన్ని వాడి ఒంటిని తాకడమే లేదు. పొట్ట దగ్గర పట్టుకుంటే గుప్పెడు బట్ట చేతికొచ్చింది.

మెరినో పనంతా చర్మానికి ఆనుకుని ఉండడంలోనే ఉంది. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం దాకా చెమట ఆవిరిని పోగులోపలికి తీసుకోగలదు, అంత తీసుకున్నా పైకి తడి తెలియదు. మధ్యలో ఖాళీ ఉంటే చెమట చర్మం మీదే నిలిచిపోతుంది, కదిలినప్పుడల్లా మెడలోంచీ నడుము దగ్గరనుంచీ చల్లగాలి లోపలికి కొడుతుంది. నడిచేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది కాబట్టి తెలియదు. ఆగితే తెలుస్తుంది.

మరి అంత వదులుది ఎలా కొన్నాం? సైజు చూసింది అమలాపురంలో, ఆగస్టులో, మధ్యాహ్నం మూడింటికి, కరెంటు లేనప్పుడు. అదీ బనియను మీద. మన డెల్టా ఉక్కపోతలో ఒంటికి పట్టే బట్ట ఏదైనా ఊపిరాడనట్టే ఉంటుంది. చెమట ఒంటిమీద అది జారదు, చంకల్లో పట్టేస్తుంది, చేతులు దూర్చడమే గగనం. "బిగుతుగా ఉంది బాబాయ్" అంటే, "ఒక సైజు పెద్దది తెప్పించు" అన్నది నేనే. ఆ సలహా ఇచ్చినందుకు ఆ రాత్రంతా బాధపడ్డాను.

కొండమీద చేయగలిగింది కొంతే. వాడి ఒళ్ళు పొడిగుడ్డతో తుడిపించి, చొక్కా ప్యాంటులోకి దోపించి, నా దగ్గరున్న బిగుతు పాలిస్టర్ టీషర్టు దాని మీద వేయించాను. ఉన్ని ఒంటికి ఆనింది. అరగంటలో వణుకు తగ్గింది.

అసలు పరిష్కారం కొనేటప్పుడే ఉంది. తెల్లవారుజామున చూసుకోండి, లేదా ఏసీ 20 దగ్గర పెట్టి ఒళ్ళు పూర్తిగా ఆరాక వేసుకోండి. బనియను వద్దు. దండెం మీద బట్టలు ఆరేస్తున్నట్టు రెండు చేతులూ పైకెత్తండి, నడుము కనబడకూడదు. పొట్ట దగ్గర, ముంజేతి దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని లాగండి, అంగుళానికి మించి బట్ట రాకూడదు. ఊపిరి నిండా పీల్చితే ఛాతీ మీద నొక్కకూడదు, అంతే. పది నిమిషాలు ఉంటే ఆ బిగుతు మరిచిపోతారు. పైగా అల్లిన మెరినో వాడేకొద్దీ కాస్త సాగుతుంది. రెండు సైజుల మధ్య ఊగిసలాడుతుంటే చిన్నదే తీసుకోండి. ఆన్‌లైన్‌లో అయితే టేపుతో ఛాతీ కొలుచుకుని ఆ కంపెనీ పట్టికలో చూడండి, మీ చొక్కా సైజు నమ్ముకోకండి.

వేసుకున్నది మెరినోనా కాదా

లేబుల్ మీద శాతం చూడండి. పెద్ద అక్షరాల్లో మెరినో అని రాసి, లోపల కుట్టిన చిన్న చీటీలో యాక్రిలిక్ అని ఉండేవి చాలా ఉన్నాయి. ఐదారు వందలకి కొత్త మెరినో అంటే అనుమానించాల్సిందే. పది, పదిహేను శాతం నైలాన్ కలిస్తే మాత్రం భయం లేదు. పలచటి ఉన్నికి అది బలమిస్తుంది, ధరా తగ్గుతుంది. తక్కువ బడ్జెట్‌లో నేను వెతికేది అలాంటిదే.

డబ్బు మిగలాలంటే పైభాగం ఒక్కటే మెరినో కొనండి, కాళ్ళకి మామూలు పాలిస్టర్ థర్మల్ సరిపోతుంది. మెరినో వరసగా నాలుగు రోజులు వేసినా పెద్దగా వాసన రాదు కాబట్టి ఒక్కటి చాలు. లంబసింగి, అరకు కోసమైతే అసలు కొనకండి. ఇంట్లో ఉన్న స్వెటర్ వేసుకుని వెళ్ళండి.

ఎక్కేటప్పుడు చెమటతో తడిసిపోతున్నారు

చలి అంటే మనకి భయం, అందుకని దొరికినవాటిలో మందమైనది కొంటాం. 250 జీఎస్ఎం (చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములో చెప్పే లెక్క) వేసుకుని బరువు మోస్తూ ఎక్కితే తడవక ఏమవుతుంది? మంచు ట్రెక్కుకి కూడా 200 లోపు చాలు. మిగతా వెచ్చదనం పైపొరల్లో ఉండాలి, అవైతే తీసి వేసుకోవచ్చు.

దురద

పోగు లావుగా ఉంది. పోగు మందం 19.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంతకంటే తక్కువ ఉన్నవి చాలామందికి పడతాయి. చర్మం సున్నితమైతే 18.5 లోపు చూడండి. కొత్తది ఒకసారి ఉతికి వేసుకోండి. ఉన్ని అసలు పడనివాళ్ళు బహు తక్కువ, వాళ్ళు పాలిస్టర్‌తో సరిపెట్టుకోవాలి.

వణుకుతో పాటు తలనొప్పి, వాంతులు ఉంటే అది చొక్కా గొడవ కాదు. ఎత్తు పడలేదు. కిందికి దిగండి.

కుదించుకుపోయింది, చిల్లులు పడ్డాయి

కుదించుకుపోయిందంటే వాషింగ్ మెషీన్‌లో వేడినీళ్ళతో తిప్పారు. అది మళ్ళీ సాగదు. చిల్లులకి రెండు కారణాలు. ఒకటి బ్యాగు పట్టీల రాపిడి, భుజాల దగ్గర కనిపిస్తుంది. రెండోది ఇంట్లోనే ఉంది. మరకలు పోగొట్టే ఎంజైమ్ డిటర్జెంట్లు ప్రోటీన్‌ని తింటాయి, ఉన్ని కూడా ప్రోటీనే. నాలుగైదు ఉతుకుల్లో బట్ట పీలికలవ్వదు గానీ పలచబడుతూ వస్తుంది. మన ఇళ్ళలో పట్టుచీరలు ఉతికే కుంకుడుకాయ రసం దీనికి హాయిగా పనికొస్తుంది. చన్నీళ్ళు, చేత్తో మెల్లగా నొక్కడం, పిండకుండా తువాలులో చుట్టి నీరు తీయడం, నీడలో పరిచి ఆరబెట్టడం. దండెం మీద వేలాడదీస్తే నీటి బరువుకి సాగుతుంది.

దాచేటప్పుడు చెమట వాసన ఉండకూడదు, పురుగు దానికే వస్తుంది. ఉతికి, చుక్క తడి లేకుండా ఆరాక, గాలి చొరని జిప్ కవరులో పెట్టి బీరువాలో పై అరలో ఉంచండి. వానాకాలంలో మన గోడలు చెమ్మగిల్లుతాయి, అందుకని ఆగస్టులో ఎండ కాసిన రోజు ఒకసారి బయటికి తీసి గాలికి పెట్టండి. బయటికి తీశారు కదా అని అప్పుడే ఒంటిమీద వేసి సైజు మాత్రం చూసుకోకండి.