కబడ్డీలో రైడర్‌ని ఎప్పుడు బయటికి పిలవాలి?

సంక్రాంతికి మన చీపురుపల్లి, రాజాం వైపు ఊళ్లలో పెట్టే టోర్నమెంట్లలో ఒకే రోజు మూడు, నాలుగు మ్యాచ్‌లు పడుతుంటాయి. పొద్దున్న ఒంటిచేత్తో గెలిపించిన రైడర్, అంటే కూతకెళ్లేవాడు, సాయంత్రం సెమీఫైనల్లో కాళ్లీడుస్తాడు. ఫామ్ పోయిందంటారు జనం. ఫామ్ ఎక్కడికీ పోలేదు, వాడికి ఊపిరి తీసుకునే వీలు మనం ఇవ్వలేదంతే. కుర్రాళ్లకి ఆట నేర్పే మాస్టారుగా నేను గట్టిగా చెప్పేది ఒకటే: రైడర్‌ని బాగా ఆడుతున్నప్పుడే బయటికి పిలవండి.

రూలే అలా ఉంది మరి. జట్టుకి 12 మంది, కోర్టులో ఏడుగురు. మార్పులు టైమ్ అవుట్‌లోనో హాఫ్ టైమ్‌లోనో చేసుకోవాలి. హాఫ్‌కి రెండే టైమ్ అవుట్లు, ఒక్కోటి 30 సెకన్లు. ఔటై కూర్చున్నవాడి బదులు ఇంకొకణ్ని దింపనివ్వరు. కాబట్టి అలిసి ఔటయ్యాక మారుద్దామంటే కుదరదు. తీసినవాణ్ని మళ్లీ దింపుకోవచ్చు గనక ముందే తీస్తే పోయేదేమీ లేదు. ఊరి టోర్నీల్లో సొంత రూల్స్ ఉంటాయి, టాస్‌కి ముందే రెఫరీని అడిగి పెట్టుకోండి.

అలసట ముందు కూతలో తెలుస్తుంది. గుక్క తిప్పుకోకుండా వినిపించాల్సిన కబడ్డీ, కబడ్డీ చివర్లో నలిగిపోయి 'బడీ, బడీ' అవుతుంది. తర్వాత పాదం చూడండి. తాజాగా ఉన్నవాడు మునివేళ్ల మీద ఉంటాడు, అలిసినవాడి మడమ నేలకి ఆనుతుంది. అవతలి కోర్టులో రైడర్ దాటాల్సిన గీత, బాక్ లైన్, దాకా వెళ్లి, దాటకుండానే వెనక్కి తిరిగేస్తాడు. ఎవరినీ తాకకుండా, లైనూ దాటకుండా వస్తే వాడే ఔట్, అవతలివాళ్లకి పాయింట్. తిరిగొచ్చి మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడా, ఇక ఆలస్యం చేయకండి. "బాగానే ఉన్నాను మాస్టారూ" అంటాడు, వినకండి. "కాస్త ఊపిరి తీసుకోరా, ఆఖర్లో నువ్వే కావాలి" అని చెప్పి పిలవండి. ఆ మాట మీరు చెప్పకపోతే కుర్రాడు తనని తీసేశారనుకుని కుంగిపోతాడు.

40 నిమిషాల ఆటలో జట్టుకి దాదాపు 40 రైడ్లు వస్తాయి. అందులో సగానికి మించి ఒక్కడి మీద వేయకండి. ముగ్గురు రైడర్లుంటే మూడోవాడు పాయింటేమీ లేని ఖాళీ రైడ్‌తో వచ్చినా పరవాలేదు, మొదటివాడికి ఆ కాస్త విరామం దొరుకుతుంది. అమ్మాయిలకీ సబ్ జూనియర్లకీ హాఫ్ 15 నిమిషాలే, అయినా లెక్క ఇదే.

రైడర్‌ని పట్టడానికి రెండు చివర్లలో నిలబడే కార్నర్ల సంగతి వేరు. కార్నర్, పక్కనున్న కవర్ ఒకరి కదలిక ఒకరు ఎరిగి చేతులు పట్టుకుని చెయిన్ కడతారు. ఇద్దరినీ ఒకేసారి మార్చొద్దు. వీలైతే హాఫ్ టైమ్ దాకా ఆగండి. కోర్టులో ముగ్గురే మిగిలి సూపర్ ట్యాకిల్‌కి, అంటే రైడర్‌ని పడితే అదనపు పాయింట్‌కి, అవకాశం ఉన్నప్పుడు మంచి పట్టున్నవాణ్ని అస్సలు కదపకండి.

బెంచీ మీదవాళ్లని ఊరికే కూర్చోనివ్వకండి. చలి సాయంత్రాల్లో బిగుసుకున్న ఒంటితో దిగితే తొడ కండరం పట్టేస్తుంది. టైమ్ అవుట్ అడిగే ముందే ఐదు నిమిషాలు గీత బయట పరిగెత్తించండి.

మ్యాచ్‌ల మధ్య తిండి కూడా చూసుకోండి. నిర్వాహకులు ప్రేమగా బిర్యానీ పెడతారు, ఆట అయిపోయాక తినమనండి. అప్పటిదాకా పల్చటి చోడి (రాగి) అంబలి, ఉప్పేసిన మజ్జిగ, ఒక అరటిపండు చాలు.