ఊదే టెస్టు రిపోర్ట్ తేడాగా వచ్చిందా? ముందు ఇవి చూడండి

మాది విశాఖ వన్‌టౌన్, పొద్దున్న తుడిచిన కిటికీ సాయంత్రానికి నల్లగా ఉంటుంది. నాన్నకి ఆయాసం ఎప్పట్నుంచో ఉంది, అందుకే స్పైరోమెట్రీ (ఎంత గాలి, ఎంత వేగంగా ఊదగలమో కొలిచే ఈ ఊదే టెస్టు) కోసం ఎన్నిసార్లు తిరిగామో లెక్కలేదు.

సమస్య: రాత్రంతా పిల్లికూతలు, రిపోర్ట్ మాత్రం నార్మల్.
మాకు మొదట జరిగిందిదే. కారణం ఏంటంటే ఆస్తమా రోజంతా ఒకేలా ఉండదు, పగలు 11కి వెళ్తే అప్పటికి ఊపిరి గొట్టాలు తెరుచుకునే ఉండొచ్చు, పైగా నాన్న బయల్దేరేముందు ఇన్‌హేలర్ పీల్చుకుని వచ్చారు! సాల్బుటమాల్ (ఊపిరి గొట్టాలు వెంటనే తెరిచే మందు) అయితే కనీసం 4 గంటల ముందు నుంచి ఆపమంటారు, ఎక్కువసేపు పనిచేసేవి ఇంకా ముందే, ఏది ఎప్పుడు ఆపాలో డాక్టర్నే అడగండి. ఆయాసం వస్తే మాత్రం వాడేయండి, టెస్టు ఇంకోరోజు చేయించుకోవచ్చు. అప్పటికీ తేలకపోతే పీక్ ఫ్లో మీటర్ (ఎంత వేగంగా ఊదామో ఇంట్లోనే చూపించే చిన్న పరికరం) కొనుక్కుని 2 వారాలు పొద్దున్నా సాయంత్రం మూడేసి సార్లు ఊది ఎక్కువ వచ్చిన అంకె రాయండి, రోజువారీ తేడా సగటున 10 శాతం దాటితే పెద్దవాళ్ళలో ఆస్తమా అనుమానం గట్టిపడుతుంది.

సమస్య: అంకెలన్నీ ఘోరంగా తక్కువ.
భయపడకముందు ఊదిన తీరు చూడండి. నాన్నకి పెదాల పక్కనుంచి గాలి పోయేది, రెండు సెకన్లకే ఆపేసేవారు. ముక్కుకి క్లిప్పు, గొట్టం చుట్టూ పెదాలు బిగించి, నిండా పీల్చి, ఒక్కసారిగా పేల్చినట్టు ఊది, గ్రాఫ్ గీత చదునయ్యేదాకా ఊదుతూనే ఉండాలి. అలాంటివి మూడు సరిగ్గా రావాలి, వాటిల్లో ఎక్కువ గాలి వచ్చిన రెండింటికీ తేడా 150 మిల్లీలీటర్ల లోపే ఉండాలి. ఓపిక లేని టెక్నీషియన్ దగ్గర ఇది కుదరదండీ, నిజంగా.

సమస్య: ఊపిరి గొట్టాలు తెరిచే మందిచ్చాక కూడా ఎఫ్‌ఈవీ1, ఎఫ్‌వీసీ నిష్పత్తి 0.70 కన్నా తక్కువ.
ఎఫ్‌ఈవీ1 అంటే మొదటి సెకనులో ఊదిన గాలి, ఎఫ్‌వీసీ అంటే మొత్తం ఊదిన గాలి. బీడీ, కట్టెలపొయ్యి పొగ, దుమ్ములో పని, వీటిల్లో ఏదైనా ఏళ్ళ తరబడి ఉండి ఆయాసం కూడా ఉంటే సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఎప్పటికీ ఇరుగ్గానే ఉండిపోయే జబ్బు) వైపే చూస్తారు. మందు తర్వాత ఎఫ్‌ఈవీ1 12 శాతం, 200 మిల్లీలీటర్లు రెండూ దాటి పెరిగితే ఆస్తమా గురించి అడగండి.

నిష్పత్తి బాగుండి ఎఫ్‌వీసీ ఒక్కటే తగ్గితే ఊపిరితిత్తులు సాగట్లేదేమో, దానికి లంగ్ వాల్యూమ్స్ (ఊపిరితిత్తుల్లో మొత్తం ఎంత గాలి పడుతుందో), డీఎల్‌సీఓ (అక్కడ్నుంచి రక్తంలోకి గాలి ఎంత బాగా వెళ్తుందో) చూసే టెస్టులు వేరే ఉన్నాయి.

ఈమధ్య గుండెపోటు, కంటి ఆపరేషన్, దగ్గులో రక్తం, వీటిల్లో ఏదున్నా ఊదకముందే చెప్పండి. నాన్న కంటి సంగతి మేం చెప్పాకే వాయిదా వేశారు.