కైల్ ఫీల్డ్‌కు వెళ్ళే లాంగ్‌హార్న్ అభిమానులకు జాగ్రత్తలు

పరాయి గడ్డ మీద పెద్ద మ్యాచ్ అంటే వారం ముందు నుంచే కడుపులో తిప్పడం మొదలవుతుంది. అమెరికన్ ఫుట్‌బాల్ చూడటానికి ఆస్టిన్ నుంచి కాలేజ్ స్టేషన్‌లోని టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ స్టేడియం కైల్ ఫీల్డ్‌కు వెళ్ళే టెక్సస్ యూనివర్సిటీ (లాంగ్‌హార్న్స్) అభిమానికైతే మరీను. 1894లో మొదలైన ఈ రెండు జట్ల పోటీ 2011 తర్వాత పదమూడేళ్ళు ఆగిపోయింది. టెక్సస్ ఎస్ఈసీ అనే కాలేజీ జట్ల లీగ్‌లో చేరాక 2024లో కైల్ ఫీల్డ్‌లోనే మళ్ళీ మొదలైంది. ఆ నవంబరు 30న టెక్సస్ 17-7తో గెలిచింది. మరుసటి ఏడు ఆస్టిన్‌లో 27-17తో మళ్ళీ గెలిచింది. వరుసగా రెండుసార్లు ఓడిన టెక్సస్ ఏ అండ్ ఎం సొంతగడ్డ మీద ఎంత కసిగా ఎదురుచూస్తుందో ఊహించుకోవచ్చు.

ఆట గురించిన దడ ఎలాగూ తగ్గదు, తగ్గక్కర్లేదు కూడా. కానీ ఆ రోజు పడే కంగారులో సగం ఆటది కాదు. టికెట్‌ది, ఫోనుది, కారుది, చలిది. ఆ సగాన్ని ముందే వదిలించుకోవచ్చు. ఆస్టిన్, డాలస్, హ్యూస్టన్ నుంచి మొదటిసారి బయటి మ్యాచ్‌కు బయల్దేరే తెలుగు విద్యార్థులకు, థాంక్స్‌గివింగ్ సెలవులకు అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళకు ఇది మరీ అవసరం.

టికెట్, సంచీ

వాట్సాప్ గ్రూపుల్లో "నా దగ్గర రెండు ఎక్స్‌ట్రా ఉన్నాయి, జెల్‌లో డబ్బు కొట్టు, స్క్రీన్‌షాట్ పంపుతా" అనేవాళ్ళ దగ్గర కొనొద్దు. ఒకే బార్‌కోడ్‌ను ఐదుగురికి అమ్మితే గేటు దగ్గర మొదట స్కాన్ అయినవాడిదే సీటు, మిగతా నలుగురూ బయటే. జెల్ యాప్‌లో మీ అంతట మీరు పంపిన డబ్బు వెనక్కి రావడం దాదాపు అసాధ్యం. టికెట్ యాప్‌లో మీ పేరు మీదికి ట్రాన్స్‌ఫర్ అయి, మీ ఫోన్‌లో కనిపించాకే డబ్బు ఇవ్వండి. ఇల్లు కదలకముందే దాన్ని ఫోన్ వాలెట్‌లో పెట్టుకోండి. లక్షమంది ఒకేచోట చేరితే నెట్‌వర్క్ చచ్చుబడిపోతుంది, గేటు ముందు నిలబడి యాప్ తెరుచుకోక చెమటలు పట్టేది అందుకే. పవర్ బ్యాంకు జేబులో ఉండాలి, పార్కింగ్ చోటు ఆఫ్‌లైన్ మ్యాప్‌లో గుర్తు పెట్టుకోవాలి. ఏ అండ్ ఎం విద్యార్థుల కోటా టికెట్లు చౌకగా దొరికాయని తీసుకోకండి. గేటులో వాళ్ళ విద్యార్థి ఐడీ అడిగితే చేసేదేమీ ఉండదు. పైగా అక్కడ ఆట మొత్తం నిలబడే చూస్తారు. 1922లో గిల్ అనే విద్యార్థి అవసరమైతే దిగుదామని యూనిఫాం వేసుకుని సైడ్‌లైన్‌లో నిలబడినప్పటి నుంచి వస్తున్న "ట్వెల్త్ మ్యాన్" (పన్నెండో ఆటగాడు) ఆచారం అది.

సంచీ పారదర్శకంగా ఉండాలి. కొలత 12 అంగుళాల పొడవు, 6 వెడల్పు, 12 ఎత్తు మించకూడదు. లేదా ఒక గ్యాలన్ జిప్‌లాక్ కవరు చాలు. చేతి పర్సు 4.5 బై 6.5 అంగుళాల లోపు. కాలేజీ బ్యాక్‌ప్యాక్‌తో వెళ్తే మళ్ళీ కారు దాకా నడక తప్పదు. గొడుగు వద్దు, ప్లాస్టిక్ రెయిన్‌కోటు పెట్టుకోండి. ఉరుములొస్తే ఆట ఆపేస్తారు, చివరి మెరుపు తర్వాత 30 నిమిషాలు గడిస్తేగాని మొదలుపెట్టరు. నవంబరు చివర అక్కడ పగలు 20 డిగ్రీలున్నా ఉత్తరపు గాలి తిరిగితే రాత్రికి ఒక్కసారిగా పడిపోతుంది. ఒక లావు కోటు కన్నా మూడు పలచటి పొరలు మేలు.

చెవులు, గుండె

కైల్ ఫీల్డ్‌లో సీట్లు 102,733. అందరూ ఒకేసారి అరిస్తే ఎదుటివాడి నోరు కదలడమే కనిపిస్తుంది. అమెరికాలో పనిచోట శబ్దానికి ఉద్యోగుల ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ సూచించిన హద్దు 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. ఆటేమో మూడున్నర గంటలు. కాబట్టి ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు తప్పనిసరి. చాలామంది వాటిని చెవి అంచున దోపి "పనిచేయడం లేదు" అంటారు. ప్లగ్‌ను వేళ్ళ మధ్య సన్నగా వత్తి చుట్టండి, రెండో చేత్తో తలమీదుగా చెవి పైభాగాన్ని పైకి లాగి లోపలికి దూర్చండి, ఉబ్బే వరకు అర నిమిషం వేలితో పట్టుకోండి. చిన్నపిల్లలకు ఇయర్‌మఫ్స్ పెట్టండి.

పెద్దవాళ్ళ విషయంలో మొహమాటం వద్దు. 2006 ప్రపంచకప్ సాకర్ సమయంలో మ్యూనిక్ ప్రాంతంలో జరిగిన అధ్యయనంలో, జర్మనీ ఆడిన రోజుల్లో గుండె సంబంధిత అత్యవసర కేసులు మామూలు కన్నా 2.66 రెట్లు కనిపించాయి. ముందే గుండెజబ్బు ఉన్నవాళ్ళలో ఇంకా ఎక్కువ. బీపీ, షుగర్ మాత్రలు ఆ పూట మానకూడదు, కారులో వదిలేయకూడదు. పై డెక్ సీట్లు వాళ్ళకు తీసుకోవద్దు. ఛాతీ బరువు, ఎడమ చెయ్యి లాగడం, చలిలో చెమట పడితే "టెన్షన్‌లే" అనుకోకుండా వెంటనే దగ్గరి స్టాఫ్‌ను పిలవండి.

మీరూ ఖాళీ కడుపుతో వెళ్ళకండి. కంగారుకు కాఫీ తోడైతే రెండో క్వార్టర్‌కే కడుపులో మంట. గేటు లోపలికి వెళ్ళే రెండు గంటల ముందు కారు దగ్గరే పులిహోరో పెరుగన్నమో తినేయండి.

అక్కడి మర్యాద

ఇది వాళ్ళ ఇల్లు. మెమోరియల్ స్టూడెంట్ సెంటర్ యుద్ధాల్లో చనిపోయిన పూర్వ విద్యార్థుల స్మారకం. లోపల టోపీ తీస్తారు, చుట్టూ ఉన్న పచ్చిక తొక్కరు. ఫొటో కోసం ఆ గడ్డి మీదికి వెళ్ళడమే మన ఆరెంజ్ చొక్కాల మీద కోపం తెచ్చే మొదటి తప్పు. ఎవరైనా "హౌడీ" అంటే తిరిగి "హౌడీ" అనండి, సగం బిగుసుకుపోయిన వాతావరణం అక్కడే వదులవుతుంది. మనం చేతివేళ్ళతో చూపే కొమ్ముల గుర్తును తలకిందులు చేసి చూపిస్తారు, చూపించనివ్వండి. వాళ్ళ యుద్ధగీతం వచ్చినప్పుడు భుజాలు కలిపి అందరూ ఊగుతారు. అప్పుడు పై డెక్ నిజంగానే కదులుతుంది. భయపడి మెట్ల మీదికి పరిగెత్తకండి.

మన జట్టు బంతి ఆడేటప్పుడు మనం నోరు మూసుకోవాలి. కొత్తవాళ్ళకు ఇది చెప్పి తీరాలి. ఆటను నడిపించే క్వార్టర్‌బ్యాక్ గొంతు ముందు వరుసలోని లైన్‌మెన్‌కు వినపడకపోతే ఎవరో ఒకరు ముందే కదులుతారు, దాన్ని ఫాల్స్ స్టార్ట్ అనే తప్పుగా లెక్కేసి 5 గజాలు వెనక్కి పంపుతారు. 2024 నుంచి హెల్మెట్‌లో కోచ్ మాట వినిపిస్తున్నా, బంతి ఆడటానికి మిగిలిన సమయం చూపే ప్లే క్లాక్ 15 సెకన్లకు రాగానే అది ఆగిపోతుంది. ఆ తర్వాత అంతా చేతి సైగలు, కాలి సైగలే. "కమాన్" అని మీరు వేసే కేక కూడా ఆ రొదలో కలిసేదే. అరుపు మన డిఫెన్స్ కోసం దాచుకోండి, ముఖ్యంగా మూడో డౌన్‌కు, అంటే వాళ్ళ మూడో ప్రయత్నానికి. ఆధిక్యం ఎంత ఉన్నా చేతులు దులుపుకోవద్దు. 2024లో అంత బాగా ఆడిన రోజున కూడా ఒక్క పాస్ దొంగిలించి ఏ అండ్ ఎం 93 గజాలు పరిగెత్తింది. వాళ్ళ ఏకైక టచ్‌డౌన్ అదే.

రిఫరీ మీద ఎంత మండినా సీసా విసరొద్దు. 2024 అక్టోబరులో జార్జియా మ్యాచ్‌లో ఆస్టిన్ ప్రేక్షకులు విసిరినందుకు టెక్సస్ 250,000 డాలర్లు కట్టింది.

మద్యం, వీసా

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. టెక్సస్‌లో రక్తంలో మద్యం 0.08 శాతానికి చేరితే బండి నడపడం నేరం. 21 నిండనివాళ్ళకు ఎంత ఉన్నా నేరమే. కారులో మూత తీసిన సీసా ఉన్నా కేసే. విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్ళకు ముప్పు అక్కడితో ఆగదు. మద్యం తాగి నడిపిన కేసులో కోర్టు తేల్చకముందే, అరెస్టు ఆధారంగానే విదేశాంగ శాఖ వీసాను రద్దు చేయగలదు. నడిపేవాళ్ళెవరో ఆస్టిన్‌లోనే తేల్చుకోండి, వాళ్ళు ఒక్క గుక్క కూడా ముట్టకూడదు.

ఆట ముగిశాక

గెలిచినా ఓడినా మైదానంలోకి దిగొద్దు, జెండాలు పాతడాలు వద్దు. 2024లో సరిగ్గా ఇదే నవంబరు 30న కొలంబస్‌లో ఒహైయో స్టేట్‌ను ఓడించిన మిషిగన్ ఆటగాళ్ళు జెండా పాతబోతే కొట్లాట రేగి, పోలీసులు పెప్పర్ స్ప్రే కొట్టాల్సి వచ్చింది. రెండు యూనివర్సిటీలకూ చెరో 100,000 డాలర్ల జరిమానా పడింది. ఏ అండ్ ఎం జనం మైదానంలోకి దూకుతుంటే మీ వరుసలోనే కూర్చోండి, రద్దీ పలచబడ్డాక, ఆరెంజ్ చొక్కా మీద మామూలు జాకెట్ వేసుకుని గుంపుగా నడవండి. తోడు తప్పితే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి, అప్పటికి ఫోన్లు పనిచేయకపోవచ్చు.

తిరుగు దారి హైవే 21 మీదుగా కాల్డ్‌వెల్, ఆ తర్వాత హైవే 290 పట్టుకుని ఆస్టిన్. మామూలుగా రెండు గంటలు, ఆ రాత్రి రెట్టింపు అనుకోండి. పెట్రోలు వెళ్ళేటప్పుడే నింపండి. నవంబరు జింకలు జతకట్టే కాలం, చీకట్లో రోడ్డు మీదికి వచ్చేస్తాయి. ఒకటి దాటితే వెనక ఇంకొకటి ఉంటుందనే అనుకోవాలి. ఎదురుపడితే బ్రేకు గట్టిగా తొక్కండి గాని స్టీరింగ్ పక్కకు తిప్పొద్దు, బండి చెట్టుకో ఎదురుగా వచ్చే లారీకో తగిలేది అప్పుడే. కళ్ళు మూతలు పడుతుంటే దారిలోని ఊళ్ళో గది తీసుకుని పడుకోండి. ఆ గది కూడా మ్యాచ్ వారంలో దొరకదు, టికెట్ కొన్న రోజే రద్దు చేసుకునే వీలున్నది చూసి పెట్టుకోండి.