ఇంట్లోనే పండ్ల లస్సీ – మూడో పాఠం: సీతాఫలం, పైనాపిల్

మొదటి పాఠంలో పెరుగు తోడేయడం, రెండో పాఠంలో మామిడి లస్సీ చూశాం. మామిడితో పెద్ద పనేం లేదు. గుజ్జు, పెరుగు, కాస్త చక్కెర వేసి తిప్పేస్తే ఎవరు చేసినా బాగానే వస్తుంది. అందుకే దాన్ని ముందు పెట్టాను. ఇప్పుడు మామిడి కాలం దాటిపోయింది. హైదరాబాద్‌లో వానలు వెనకపట్టు పట్టాయి, బళ్ళ మీదకి సీతాఫలాలు దిగాయి. వాటి పక్కనే ఏడాది పొడుగునా దొరికే పైనాపిల్ ఎలాగూ ఉంటుంది. ఈ రెండూ పెరుగుతో ఊరికే సర్దుకుపోయే పండ్లు కావు. ఒకదాన్ని పొయ్యి ఎక్కించి తీరాలి, రెండోదాన్ని పొయ్యి దరిదాపులకి రానివ్వకూడదు. ఇది తెలియకే చాలామంది పెరుగుని తిడతారు, లేదా మిక్సీని తిడతారు.

పెరుగు సంగతి ఒక్కసారి గుర్తు చేసి ముందుకెళ్దాం. ఫుల్ క్రీమ్ పాలలో కొవ్వు కనీసం 6 శాతం, టోన్డ్ పాలలో 3 శాతం ఉంటుంది. లస్సీకి మొదటిదే మేలు. పాలు పొంగగానే దించేయకుండా సన్నసెగ మీద ఇంకో ఐదారు నిమిషాలు మరగనివ్వండి. ఆ వేడికి పాలలోని తేట ప్రోటీన్లు విచ్చుకుని, పాలలో ముఖ్య ప్రోటీన్ అయిన కేసీన్‌కి అతుక్కుంటాయి. పెరుగు గట్టిగా తోడుకునేది, నీరు తక్కువ ఊరేది అందువల్లే. పాలు గోరువెచ్చగా అయ్యాక, అంటే 40 నుంచి 45 డిగ్రీల మధ్యకి దిగాక, అర లీటరుకి ఒక చెంచా తోడు చాలు. ఈ వాతావరణంలో ఐదారు గంటలు పడుతుంది, డిసెంబరులో అయితే రాత్రంతా ఉంచాల్సిందే. తోడుకున్న వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయండి. సీతాఫలానికి పుల్ల పెరుగు అస్సలు పనికిరాదు. పండులో పులుపు లేదు కాబట్టి పెరుగు పులుపంతా పైకి తేలిపోతుంది. నిన్నటి పెరుగు మిగిలిందా, అది పైనాపిల్‌కి దాచండి.

సీతాఫలం

ఈ కాలంలో నగరానికి వచ్చే సీతాఫలాల్లో మహబూబ్‌నగర్ వైపు గుట్టల నుంచి వచ్చేవి బాగా ఉంటాయి. బాలానగర్ అనే పేరున్న రకం పుట్టిల్లు అటే, జడ్చర్ల దారిలో ఉన్న బాలానగర్. మన ఫ్యాక్టరీల బాలానగర్ కాదు. కాయ కొనేటప్పుడు కళ్ళు చూడాలి. కళ్ళు బాగా విచ్చుకుని, కన్నుకీ కన్నుకీ మధ్య గాడి తెల్లగానో లేత పసుపుగానో కనిపించాలి. అలాంటి కాయ గట్టిగా ఉన్నా ఫరవాలేదు, బియ్యం డబ్బాలో పెడితే రెండు మూడు రోజుల్లో మాగుతుంది. కళ్ళు విచ్చని కాయ మాత్రం సరిగా మాగదు, నల్లబడి రాయిలా అయిపోతుంది. "రేపటికి మెత్తబడ్తది అక్కా" అని బండి ఆయన ఎంత నమ్మకంగా చెప్పినా పక్కన పెట్టేయండి. ఇంకో మాట. మాగని కాయని ఫ్రిజ్‌లో పెట్టకండి, చలికి తొక్క నల్లబడుతుంది, పండు ఇక సరిగా మాగదు.

ఇద్దరికి రెండు గ్లాసులు రావాలంటే మధ్యరకం పండ్లు రెండు మూడు, గింజలు తీశాక 200 గ్రాముల దాకా గుజ్జు రావాలి. చల్లటి గట్టి పెరుగు 300 గ్రాములు, కాచి చల్లార్చిన పాలు పావు కప్పు, చిటికెడు ఉప్పు. చక్కెర రాయలేదని కంగారు పడకండి. బాగా మాగిన పండయితే అక్కర్లేదు. చివర్లో రుచి చూసి, కావాలంటే ఒక చెంచా వేసుకోండి. యాలకుల పొడి, రోజ్ వాటర్ ఏదీ వద్దు. ఈ పండు వాసన చాలా సున్నితం, యాలకులు వేస్తే ఏ లస్సీ తాగుతున్నామో కూడా తెలియదు.

అసలు పని గింజలు తీయడం. పండుని చేత్తో రెండుగా విప్పి, చెంచాతో గుజ్జు తీయండి. తొక్కకి ఆనుకుని ఉండే పొరని గీకి తీయొద్దు. అక్కడే పంటి కింద ఇసుకలా తగిలే పలుకు ఉంటుంది, మిక్సీలో వేసినా అది నలగదు. తీసిన గుజ్జుని గింజలతో సహా లోతైన గిన్నెలో వేసి, కొలిచి పెట్టుకున్న పెరుగులోంచి మూడు నాలుగు చెంచాలు అందులో కలపండి. ఇప్పుడు కవ్వం తీయండి. చల్ల చిలికే చెక్క కవ్వమే, అటకమీద ఉంటే దింపండి. రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా అటూ ఇటూ తిప్పండి. నిమిషం తిరక్కుండానే గింజలు ఒక్కొక్కటీ తొన వదిలి, నల్లగా నున్నగా మెరుస్తూ బయటపడతాయి. గింజకి తెల్ల పొర అంటుకుని ఉన్నంతసేపూ గుజ్జు ఇంకా మిగిలినట్టే. ఆ తర్వాత పెద్ద కన్నాల చిల్లుల గిన్నెలో పోసి గరిటె వెనక భాగంతో నొక్కితే గుజ్జు కిందికి దిగి గింజలు పైన నిలుస్తాయి.

ఇంత తంటా ఎందుకు, గింజలతోనే మిక్సీలో ఒక తిప్పు తిప్పి వడకడితే పోలేదా అంటారు కొందరు. పోదు. సీతాఫలం గింజ లోపలి పప్పు విషపూరితం. గింజ పొడిని పల్లెల్లో పేలకి మందుగా తలకి రాసేవారు, అది కంట్లో పడి కళ్ళు దెబ్బతిన్నవాళ్ళున్నారు. గింజ పొరపాటున గుండుగా మింగితే గట్టి పెంకు వల్ల అలాగే బయటికి పోతుంది, కానీ బ్లేడుకి నలిగితే సంగతి వేరు. కాబట్టి మిక్సీ జార్‌లోకి గుజ్జు వెళ్ళేముందు చేత్తో ఒకసారి కలిపి చూసుకోండి. ఇందులో మొహమాటం లేదు, ఒక్క గింజ కనిపించినా మళ్ళీ వడకట్టండి.

గుజ్జు తీశాక ఆలస్యం చేయకూడదు. గాలి తగిలితే గోధుమరంగులోకి తిరుగుతుంది. ముందే కొంచెం పెరుగు కలపమన్నది గింజలు వదలడానికే కాదు, పెరుగులోని పులుపు ఆ రంగు మారడాన్ని కాస్త నెమ్మదింపజేస్తుంది కూడా. ఇక వేడి సంగతి. సీతాఫలం గుజ్జుని ఉడికిస్తే చేదెక్కుతుంది. సీతాఫలం బాసుంది చేసేవాళ్ళు పాలు బాగా చల్లారాకే గుజ్జు కలిపేది అందుకే. 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్ దగ్గర సీతాఫలం ఐస్‌క్రీమ్ తిన్నవాళ్ళకి ఈ పండు పాలతో చల్లగా ఎంత బాగా కలుస్తుందో చెప్పక్కర్లేదు.

మిక్సీ పని ఇక అర నిమిషం కూడా లేదు. పెరుగు మీది మీగడని ముందే చెంచాతో తీసి పక్కన పెట్టుకోండి. జార్‌లో మిగిలిన పెరుగు, పాలు, ఉప్పు వేసి, నాబ్‌ని ఎడమకి తిప్పి వదిలేస్తూ నాలుగైదు సార్లు పల్స్ ఇవ్వండి. తర్వాత గుజ్జు వేసి ఇంకో రెండు సార్లు. అంతే. నాబ్‌ని మూడో నంబరు మీద పెట్టి ఫోన్ చూసుకుంటూ నిలబడితే రెండు నష్టాలు. పెరుగు గడ్డ పూర్తిగా విరిగి నీళ్ళలా పలచబడుతుంది. గేదె పాల పెరుగైతే పైన వెన్న పూసలు తేలతాయి, గ్లాసు అంచుకి జిడ్డు పట్టుకుంటుంది. ఐస్ ముక్కలు కూడా జార్‌లో వేయొద్దు. పెరుగు, పాలు, గ్లాసులు మూడూ ముందే ఫ్రిజ్‌లో పెట్టుకుంటే ఐస్ అవసరమే రాదు. గ్లాసులో పోశాక దాచిన మీగడ పైన వేసుకోండి. గంటలోపు తాగేయాలి, రేపటికి దాచే పని పెట్టుకోకండి.

పైనాపిల్

దీని తీరు వేరు. సీతాఫలం కోశాక మాగుతుంది, పైనాపిల్ కోశాక తియ్యబడదు. కొన్నప్పుడు ఎంత తీపి ఉందో అంతే. అడుగు భాగం దగ్గర ముక్కు పెట్టి చూడండి, తియ్యటి వాసన రాకపోతే ఇంట్లో వారం ఉంచినా లాభం లేదు.

ఉడికించని పైనాపిల్ ముక్కల్లో బ్రోమిలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది ప్రోటీన్‌ని ముక్కలు చేస్తుంది. పైనాపిల్ ఎక్కువ తింటే నాలుక చురచురలాడేది కొంత దానివల్లే. ఆ ఎంజైమ్ పెరుగులో పడితే కేసీన్‌ని తెగ్గొడుతుంది. పెరుగు పలచబడుతుంది, ఆ తెగిన ముక్కల్లో కొన్ని చేదుగా ఉంటాయి. చేసిన వెంటనే తాగితే తెలియదు. చుట్టాలు వస్తున్నారని ముందే కలిపి ఫ్రిజ్‌లో పెట్టినప్పుడే పరువు పోతుంది. పైనాపిల్ రైతా పొద్దున చేస్తే మధ్యాహ్నానికి చేదొస్తోందని మా మేడ మీద పిన్నిగారు పాలవాడి మీద విరుచుకుపడుతుంటారు. పాపం, పాలవాడి తప్పేం లేదు.

మందు ఒక్కటే, ఉడికించడం. వేడికి ఆ ఎంజైమ్ పని ఆగిపోతుంది. డబ్బాలో వచ్చే పైనాపిల్ ముక్కలు పెరుగులో చేదెక్కకపోవడానికి కారణం, వాటిని డబ్బాలో పెట్టేటప్పుడే వేడి చేసి ఉంటారు. ఇద్దరికి 250 గ్రాముల ముక్కలు తీసుకోండి. బండి మీద చెక్కు తీయించుకుంటే నల్ల కళ్ళు మిగిలాయేమో చూసుకోండి, మధ్యలో గట్టి భాగం తీసేయండి. చిన్న ముక్కలుగా కోసి స్టీలు గిన్నెలో వేసి, రెండు చెంచాల చక్కెర కలిపి మూత పెట్టండి. నీళ్ళు పోయొద్దు, పండే నీరు వదులుతుంది. అల్యూమినియం, ఇనుప గిన్నెలు వద్దు, ఈ పులుపుకి లోహం రుచి దిగుతుంది. సన్నసెగ మీద ఎనిమిది పది నిమిషాలు ఉడికితే ముక్కలు అద్దంలా మెరుస్తాయి, రసం కాస్త చిక్కబడుతుంది. ముక్క లోపలిదాకా వేడెక్కాలి, పైపైన ఒక పొంగు రానిస్తే చాలదు. దించి పూర్తిగా చల్లార్చి, ఆ తర్వాత ఫ్రిజ్‌లో పెట్టండి. వేడి మీద పెరుగులో కలిపారో, విరిగిపోతుంది.

పెరుగు 300 గ్రాములు పలచటి గుడ్డలో కట్టి అరగంట వేలాడదీయండి. పైనాపిల్‌లో నీరెక్కువ కాబట్టి ఈ పని తప్పదు. కారిన తేటని చపాతీ పిండిలో కలుపుకోవచ్చు. ముందు పండు ముక్కలనే మెత్తగా తిప్పండి, పీచు నచ్చకపోతే వడకట్టండి. ఆ తర్వాతే పెరుగు వేసి నాలుగు పల్స్‌లు. దీనికి మాత్రం వేయించిన జీలకర్ర పొడి, నల్ల ఉప్పు చిటికెడు చొప్పున బాగుంటాయి. సీతాఫలానికి వద్దన్నవాణ్ణి దీనికి సరే అంటున్నానంటే, ఈ పండు దబాయించగలదు కాబట్టి.

బొప్పాయి, కివి పండ్లలోనూ ఇలాంటి ఎంజైమ్‌లే ఉన్నాయి. బొప్పాయి ఉడికిస్తే రుచి చప్పబడుతుంది కాబట్టి ఉడికించకుండానే తిప్పుకుని వెంటనే తాగేయండి. కివి గురించి అంతకన్నా చెప్పను, ఆ ధర పెట్టి లస్సీ చేసుకోవడం నాకు నచ్చని పని.

ఈ వారం అభ్యాసం

రెండు చిన్న కప్పుల్లో రెండేసి చెంచాల పెరుగు వేయండి. ఒకదాంట్లో పచ్చి పైనాపిల్ నలిపి కలపండి, ఇంకోదాంట్లో ఉడికించి చల్లార్చిన ముక్క. రెండు గంటలు బయటే వదిలి, చెంచా కొనతో రుచి చూడండి. మొదటి కప్పు ఎంత పలచబడిందో చెంచా వంచి చూసుకోండి. పిల్లలుంటే వాళ్ళచేతే చేయించండి, ఏ కప్పు ఏదో చెప్పకుండా.

వచ్చే పాఠం జామ, దానిమ్మ. జామకి గింజల గొడవ మళ్ళీ ఉంది, కానీ ఈసారి విషం లేదు, పళ్ళకి మాత్రమే కష్టం. దానికి సన్నని స్టీలు జల్లెడ ఒకటి కావాలి. ఇంట్లో లేకపోతే ఈలోగా కొనిపెట్టుకోండి, టీ వడకట్టే ప్లాస్టిక్‌ది పనికిరాదు.